శిథిలాల దగ్గర కండక్టరమ్మ ఇచ్చిన రైటు

మా వీధిలో ఆవిడని అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఆవిడ రిటైరై చాలా కాలమైంది గానీ ఆ పిలుపు మాత్రం రిటైరు కాలేదు. మా ఇంటి పై వాటాలో ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు కూడా ఒక చెయ్యి పైకెత్తి, లేని కడ్డీని పట్టుకున్నట్టు పట్టుకుని దిగుతుంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు గుమిగూడితే చాలు, "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి, లోపల బోలెడు ఖాళీ!" అంటుంది. అక్కడ లోపలా లేదు, ఖాళీ లేదు. అయినా సరే, అందరూ జరుగుతారు! ఆ గొంతు అలాంటిది. బడిలో పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న నాకు, ఆ గొంతు వింటే ఇప్పటికీ అసూయే.

ఒకరోజు సాయంత్రం పై వాటాలో టీ తాగుతుంటే ఆవిడ అంది: "టీచరుగారూ, నా సర్వీసంతా బస్సులోనే గడిచింది. కిటికీ పక్కన మాత్రం ఒక్క రోజు కూర్చోలేదు. ఎన్ని ఊళ్ళు తిరిగినా జనం మోచేతులు తప్ప ఏం చూళ్ళేదు."

అంతే, నాకు హుషారొచ్చేసింది. అసలు నాకు హుషారు రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు లెండి. మర్నాడే ట్రావెల్స్ వాళ్ళ ఆఫీసుకి లాక్కెళ్ళాను. రిటైరైన వాళ్ళ కోసమే వేసిన విదేశీ టూరు. పాత చర్చీలు, ఒక శిథిల నగరం, ఒక పెద్ద జలపాతం. భాష రాదే అని నేను గునిశాను. "రాళ్ళకీ నీళ్ళకీ భాషేంటి టీచరుగారూ" అని కండక్టరమ్మే నాకు ధైర్యం చెప్పింది.

విమానం సంగతి వదిలేయండి. భయంతో నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, చెప్పడానికేం లేదు. ఆ దేశంలో దిగి, మా కోసం వచ్చిన పొడుగాటి బస్సెక్కాం. కండక్టరమ్మకి కిటికీ పక్క సీటిచ్చాను. పసిపిల్లలా అద్దం మీద అరచేతులు ఆనించింది.

అప్పుడు ఒకాయన ఎక్కాడు. తెల్ల టోపీ, మెడలో కెమెరా. అందరికంటే ఆఖరున వచ్చాడు. వచ్చినవాడు నేరుగా కూర్చోక, బస్సు చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళి, ప్రతి సీటునీ చేత్తో తట్టుకుంటూ, ప్రతి మొహమూ చూసుకుంటూ వెనక్కి వచ్చాడు. టిక్కెట్లు చూపించమంటాడేమో అనిపించింది నాకు! తర్వాత మోకాళ్ళ నొప్పులని చెప్పి ముందు వరసలో సీటు ఖాళీ చేయించుకున్నాడు. వెనకే ఆయన భార్య. ఆయన స్వెట్టరు, ఆయన నీళ్ళ సీసా, ఆయన మాత్రల డబ్బా అన్నీ ఆవిడ చేతుల్లోనే.

కండక్టరమ్మ అద్దం మీంచి చేతులు తీసేసింది. మొహం కర్రలా అయిపోయింది.

"ఎవరు?" అన్నాను.

"మా డిపో చెకింగ్ సారు."

"అయితే పలకరించండి మరి!"

"నన్ను గుర్తుపట్టలేదు" అంది. "మొహంలోకి చూసి మరీ వెళ్ళాడు. గుర్తుపట్టలేదు."

ఆ సాయంత్రమంతా కిటికీ అవతల ఎన్ని తోటలు, ఎన్ని నదులు వచ్చాయో! ఆవిడ మాత్రం ముందు వరసలోని తెల్ల టోపీనే చూస్తూ కూర్చుంది.

మా గైడు బట్టతల పెద్దమనిషి. ఎర్ర గొడుగు పైకెత్తి నడుస్తాడు, మేం వెనకాలే పోవాలి. మంచివాడే పాపం, కానీ లెక్క నిలవదు. దిగిన ప్రతిచోటా తిరిగి ఎక్కాక తలలు లెక్కపెట్టుకుంటూ వెళ్తాడు. మధ్యలో ఎవరో "గైడుగారూ, బాత్రూం ఎక్కడ వస్తుంది?" అంటారు. ఆయన లెక్క మర్చిపోయి మళ్ళీ మొదటికి వస్తాడు. రెండో రోజుకే కండక్టరమ్మకి చిరాకొచ్చింది.

"తలలు లెక్కపెడితే అంతేనండీ. తలలు కదుల్తాయి. ఒకాయన వంగి చెప్పులు వెతుక్కుంటాడు, ఒకావిడ వెనక్కి తిరిగి మాత్రలడుగుతుంది. ఖాళీ సీట్లు కదలవు. ఖాళీలు లెక్కపెట్టండి."

"అమ్మా, ఆ పుణ్యమేదో మీరే కట్టుకోండి" అని గైడు చేతులెత్తేశాడు.

ఆవిడ లేచి నిలబడి చీర కొంగు దోపుకుంది. ఒక్కసారి అలా నడిచి వచ్చి, తలుపు పక్కన బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్! రైట్!" అంది. డ్రైవరు ఆ దేశపు మనిషి, చీపురు కట్టల్లాంటి మీసాలు, మా మాట ఒక్క ముక్క రాదు. కానీ ఆ దెబ్బ వినగానే టక్కున బండి తీశాడు! ఏ దేశమైనా డ్రైవరు డ్రైవరే కాబోలు. అది మొదలు గైడు "వెళ్దాం" అన్నా కదిలేవాడు కాదు. అద్దంలోంచి కండక్టరమ్మ కోసం చూసేవాడు. ఆవిడ రైటిస్తేనే బండి.

చెకింగ్ సారు మాత్రం ప్రతిచోటా ఆలస్యమే. అందరం ఎక్కి కూర్చుంటాం. ఆయన భార్య మెట్టు మీద నిలబడి "వస్తున్నారండీ, అదుగో వచ్చేశారు, ఒక్క నిమిషం" అని గైడుని బతిమాలుతూ ఉంటుంది. ఆయన చేతులూపుకుంటూ తీరిగ్గా వచ్చి, "నేను లేకుండా బస్సెక్కడికి పోతుందిలే!" అని నవ్వుతాడు. సర్వీసంతా ఆయన చెయ్యెత్తితే ఆగని బండి లేదు మరి. బండి అనేది తన కోసం ఆగుతుందనే నమ్మకం ఆయన ఎముకల్లోకి ఇంకిపోయింది.

మూడో రోజు పెద్ద చర్చికి తీసుకెళ్ళారు. అబ్బ, ఏం చెప్పను! లోపలికి అడుగు పెడితే కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. కప్పు ఎక్కడో పైన, తల వెనక్కి వాలిస్తే మెడ పట్టేసేంత ఎత్తున. రంగు రంగుల అద్దాల్లోంచి ఎండ నేల మీద పడితే ఎవరో పట్టుచీరలు ఆరేసినట్టుంది. బురుజు మెట్లు ఎన్ని తరాల పాదాలకి అరిగాయో, మధ్యలో గిన్నెల్లా గుంటలు పడ్డాయి. నేను చిన్నపిల్లలా ఆ గుంటల్లోనే అడుగులు వేసుకుంటూ ఎక్కాను. కండక్టరమ్మ ఎక్కలేదు. చెకింగ్ సారు ఎటు నడిస్తే అటే చూస్తూ, ఒక బల్ల చివర కూర్చుంది.

తర్వాత చర్చి పెరట్లో రాతి బెంచీల మీద కూర్చుని, పొట్లాల్లో ఇచ్చిన బ్రెడ్డు తింటున్నాం. చెకింగ్ సారు మంచి మాటకారి. చుట్టూ మనుషులు చేరారు.

"మా డిపోలో ఒక లేడీ కండక్టరుండేది" అని మొదలెట్టాడు. "ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, రాళ్ళ క్వారీ స్టేజీ దగ్గర నేను బండెక్కాను. చూస్తే కండక్టరు సీటు ఖాళీ! ఏదీ అంటే, ఎవరో ముసలాణ్ణి దింపి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తోంది మహాతల్లి. ఆవిడ కండక్టరా, కన్నకూతురా? సరే నీ పని పడతానని డ్రైవరుకి నేనే రైటిచ్చేశాను!"

"అయ్యో, తర్వాత?" అన్నారెవరో.

"తర్వాతేముంది, అద్దంలో చూడాలి సినిమా! ఆవిడ పరుగు! సంచీ తొడకి కొట్టుకుంటోంది, ఒక చెప్పు ఊడిపోయింది, చెయ్యూపుతోంది, 'హోల్డాన్, హోల్డాన్' అని కేకలు. ఆపనా సార్ అని డ్రైవరు అడిగాడు. పోనియ్ రా, కాస్త ఒళ్ళు తగ్గుతుంది అన్నాను! ఆ రోజు నుంచీ డిపోలో ఆవిడ పేరు పరుగులమ్మ!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. బ్రెడ్డు ముక్క తుంచి పావురాలకి వేస్తోంది. నేను పక్కకి చూశాను. కండక్టరమ్మ చేతిలో పొట్లం నలిగి ముద్దయిపోయింది.

ఆ సాయంత్రం హోటల్ గదిలో ఆవిడ బాత్రూంలో చీర ఉతుకుతోంది. ఉతుకుతోందా, బాదుతోందా! నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"పరుగులమ్మ మీరేనా?"

"నేనే." చీరని మెలితిప్పి పిండింది. "ఆ వారంలోనే నన్ను డిపో ఆఫీసులోకి తీసుకోవాల్సింది టీచరుగారూ. కంట్రోలరు సీటు. మా డిపోలో ఆడమనిషి ఎవరూ అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎంక్వైరీ పెట్టారు. ఆ మనిషి ఏం చెప్పాడో తెలుసా? 'కండక్టరు చుట్టుపక్కల ఎక్కడా కనపడలేదు, డ్యూటీ వదిలి వెళ్ళిపోయిందనుకున్నాను' అన్నాడు. వెనకాలే పరిగెత్తాను సార్, చూసే ఉంటారు అని నేను మొత్తుకున్నాను. డ్రైవరు భయపడి తనకేం తెలీదన్నాడు, ఈయన 'నేనేం చూళ్ళేదు' అన్నాడు. ఆ ఒక్క మాటతో నా కుర్చీ పోయింది. రిటైరయ్యే దాకా సంచీ మోశాను. రిటైరైన రోజున శాలువా కప్పి, మైకులో ఏమన్నారో తెలుసా? మన పరుగులమ్మ ఇవాళ్టితో పరుగు ఆపుతోంది అన్నారు. చప్పట్లు!"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి, నిప్పుల్లా.

"ఇన్నాళ్ళూ ఏమనుకున్నానో తెలుసా? నిజంగానే చూళ్ళేదేమోలే, ఎండలో అద్దం మెరిసి కనపడలేదేమోలే అని సర్ది చెప్పుకున్నాను. ఇవాళ చెప్పాడుగా. చెప్పు ఊడింది కూడా చూశాడట! చూసి, నవ్వుకుని, వెళ్ళి అబద్ధం చెప్పాడు."

"ఏం చేద్దాం?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినపడింది. రిటైరైన టీచర్ని, పిల్లలకి ఎప్పుడూ ఓర్పు గురించే చెప్పినదాన్ని! అయినా నా చేతులు దురదపెట్టాయి, అబద్ధమెందుకు.

"ఆ మనిషి నోటితోనే అనాలి. చూశాను అని. అందరి ముందూ. ఊరికే అడిగితే అంటాడా? ముందు ఆయన రోడ్డు మీద నిలబడాలి, బండి పోతుంటే వెనక నుంచి చూడాలి. అది ఎలా ఉంటుందో తెలియాలి" అని ఆవిడ తడి చీరని కిటికీకి దులిపి ఆరేసింది. ఆ దులుపుకి నా మొహం మీద నీళ్ళు పడ్డాయి.

మర్నాడు శిథిల నగరం. కొండ మీద విశాలంగా పరుచుకుని ఉంది. స్తంభాలు సగం సగం నిలబడి ఉన్నాయి. ఒకచోట గోడల్లేకుండా గుమ్మం ఒక్కటే ఒంటరిగా మిగిలింది. దాని చుట్టూ ఎంత ఖాళీ ఉన్నా మేమందరం ఆ గుమ్మంలోంచే అటూ ఇటూ దూరాం! లోపలికొస్తున్నామో బయటికి పోతున్నామో ఎవరికీ తెలీదు. నేనైతే "ఇంట్లో ఎవరండీ?" అని కూడా పిలిచాను. గాలి మాత్రం విపరీతం. చీరలు, టోపీలు, గైడు గొడుగు, అన్నీ ఒకే దిక్కుకి లాగేస్తున్నాయి.

దిగేటప్పుడే గైడు గట్టిగా చెప్పాడు. ఇక్కడ బస్సుని ఎక్కువసేపు ఆపనివ్వరు, ఇచ్చిన టైముకి అందరూ వచ్చెయ్యాలి, వెనక వేరే బస్సులు కాచుకుని ఉంటాయి అని. చెకింగ్ సారు వింటూనే, చివర్న కనపడుతున్న కూలిన బురుజు వైపు కెమెరా పట్టుకుని నడిచిపోయాడు.

టైమైంది. అందరం ఎక్కాం. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. యూనిఫారం వేసుకున్న మనిషొకడు మా డ్రైవరు వైపు చెయ్యి విసురుతున్నాడు, కదులు కదులు అని. గైడు ముందు నిలబడి, ఒక చెవికి ఫోనానించి, రెండో చెవి మూసుకుని హోటలు వాళ్ళతో గదుల గురించి దెబ్బలాడుతున్నాడు. కండక్టరమ్మ వెనక నుంచి నడిచి వచ్చింది. బస్సు మొత్తానికి ఒక్కటే ఖాళీ. ముందు వరసలో, ఆయన భార్య పక్కన.

ఆవిడ ముందు ఆగి, "సారు ఎక్కలేదమ్మా" అంది మెల్లగా.

"ఎక్కలేదు" అంది ఆయన భార్య. ఇవాళ మెట్టు మీద నిలబడలేదు. బతిమాలలేదు. కూర్చునే ఉంది.

"బండి తియ్యమంటున్నారు."

ఆవిడ ఒళ్ళో స్వెట్టరు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "నిన్న ఆయన చెప్పిన ఆ మనిషి నువ్వేనా? నువ్వు పొట్లం నలపడం నేను చూశాను."

"నేనేనమ్మా."

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. "నన్నడక్కు. నేనేం చూళ్ళేదు" అంది.

"అందరూ వచ్చేశారా?" అని గైడు ఫోను మీంచే అరిచాడు. జవాబు ఎవరికీ వినపడలేదు. తలుపు పక్కన రెండు దెబ్బలు మాత్రం వినపడ్డాయి. ఏం దెబ్బలవి! నా గుండెలో పడ్డాయి.

"రైట్! రైట్!"

బండి కదిలింది.

నేను వెనక అద్దం దగ్గరికి పరిగెత్తాను. చెకింగ్ సారు అప్పుడే గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముందు నవ్వుతూ చెయ్యెత్తాడు, దర్జాగా, ఆగమన్నట్టు. బండి ఆగలేదు. నవ్వు ఉన్నచోటే ఉంది, కాళ్ళు వేగం పెంచాయి. తర్వాత నవ్వు పోయింది. ఆయన పరిగెత్తాడు! మోకాళ్ళ నొప్పులాయన, రాళ్ళ మీద, కెమెరా పొట్టకి టపటపా కొట్టుకుంటూ! టోపీ గాలికి ఎగిరిపోయింది. టోపీ కోసం ఆగాలా, బస్సు కోసం పరిగెత్తాలా తెలియక ఒక్క క్షణం అక్కడే గిరగిరా తిరిగాడు. బండి మలుపు తిరిగింది.

తిరిగి చూస్తే కండక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నవ్వట్లేదు. పెదవులు బిగించి, తల పైకెత్తి నిలబడింది. ఎండలో నిలబడి, చిట్టచివరికి ఎక్కాల్సిన బస్సు ఎక్కినట్టుంది ఆ మొహం.

ఆయన భార్య స్వెట్టరు ఎత్తి చూపించింది. "ఇది నా దగ్గరే ఉండిపోయింది. గాలి బాగా ఉంది. చలేస్తుందేమో." స్వెట్టరు మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది. "వెయ్యనీ" అంది.

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది, నోటికి స్వెట్టరు అడ్డం పెట్టుకుని.

"పెళ్ళయినకాణ్ణుంచీ ఇదే నా బతుకు. ఏ బండెక్కినా నేను మెట్టు మీద నిలబడి, వస్తున్నారండీ వస్తున్నారండీ అని ఊరందరినీ బతిమాలుకోవడం. ఒకసారి నన్ను రైల్లో వాళ్ళు ఎన్ని మాటలన్నారో! ఆయన వచ్చి, నేను లేకుండా బండెక్కడికి పోతుందే అన్నారు. ఇదుగో, ఇక్కడికి పోతుంది" అని కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది.

కొండ దిగి ఒక ఊరు దాటాక గైడు ఫోను మోగింది. చెకింగ్ సారే. ఆ అరుపు ఫోనులోంచి వెనక సీట్ల దాకా వచ్చింది. గైడు బట్టతల మీద చెమటలు కమ్మేశాయి.

"అమ్మా! ఏం చేశారమ్మా! మా కంపెనీ వాళ్ళు నా ఉద్యోగం ఊడగొడతారు!"

"నేనే పోనిచ్చానని చెప్పండి. కాగితం మీద కావాలంటే రాసిస్తాను" అంది కండక్టరమ్మ. "పదండి, వెనక్కి తిప్పమనండి. ఎక్కించుకుందాం. నేనేం ఆయన్ని అక్కడే ఉంచెయ్యమనట్లేదు."

డ్రైవరు బండి తిప్పాడు. మేం పైకి వెళ్ళేసరికి సన్నగా జల్లు మొదలైంది. చెకింగ్ సారు రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెత్తికి అంటుకుపోయింది. పక్కనుంచి ఎన్ని బస్సులు పోయాయో, అన్నిటికీ చెయ్యెత్తి ఉంటాడు, ఎవరాగుతారు! మమ్మల్ని చూడగానే లేచి గబగబా వచ్చాడు. తలుపు తెరుచుకుంది. మెట్టు మీద కండక్టరమ్మ నిలబడింది, రెండు చేతులతో రెండు కడ్డీలు పట్టుకుని.

"ఎవడు రైటిచ్చింది? ఎవడంట?"

"నేనే సార్."

"నువ్వెవరివమ్మా రైటివ్వడానికి?"

"కండక్టర్ని."

"ఆ? మనిషి ఎక్కకుండా పోనిస్తావా? నీ మీద రిపోర్టు రాస్తాను!"

"రాయండి సార్, రాయడం మీకు అలవాటేగా. మనిషి దగ్గర్లో ఎక్కడా కనపడలేదు, టూరు వదిలి వెళ్ళిపోయాడనుకున్నాను అని నేను చెప్తాను. ఎంక్వైరీలో ఆ మాట బాగా పనిచేస్తుంది."

ఆయన నోరు తెరిచి, ఆవిడ మొహంలోకి చూశాడు. ఈసారి నిజంగా చూశాడు. జల్లు కళ్ళలో పడుతుంటే చేత్తో తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"క్వారీ స్టేజీ..." అన్నాడు.

"అదే సార్. నిన్న చర్చి దగ్గర మీరు అందర్నీ నవ్వించారే, ఆ మనిషిని."

"అబ్బే, అది ఎప్పటి మాటమ్మా! సరదాకి చెప్పాను. ఎన్నేళ్ళయింది!"

"మీకు ఎన్నేళ్ళో అయింది. నాకు నిన్ననే మళ్ళీ అయింది."

"నేను నా డ్యూటీ చేశాను."

"నేనూ డ్యూటీయే చేశాను. టైమైంది, సీటు ఖాళీ, రైటిచ్చాను. మీరు పరిగెత్తడం కూడా చూశాను సార్. టోపీ పోవడం చూశాను. నేను చూశానని చెప్తున్నాను. మీరెందుకు చెప్పలేదు?"

నిన్న పొట్ట పట్టుకుని నవ్విన వాళ్ళందరూ తలలు సీట్ల మధ్యలోంచి చాపి వింటున్నారు. కొందరు మొహాలు దించుకున్నారు.

"జరుగమ్మా. తడుస్తున్నాను."

"జరుగుతాను. ముందు ఆ కథ పూర్తి చెయ్యండి. నిన్న సగంలో ఆపేశారు. ఎంక్వైరీలో ఏం చెప్పారో చెప్పలేదు."

ఆయన ఆవిడ భుజం మీంచి లోపలికి చూశాడు, భార్య కోసం. "ఏమేవ్! చూస్తున్నావేంటి, చెప్పవే వీళ్ళకి!"

"తలుపు తీసి ఉంటే చలి కొడుతోందండీ" అంది ఆయన భార్య. "అదేదో చెప్పేసి ఎక్కండి."

డ్రైవరు చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. భాష రాకపోయినా ఆయనకి మొత్తం అర్థమైపోయినట్టే ఉంది.

చెకింగ్ సారు గొంతు సవరించుకున్నాడు. "చూశాను" అన్నాడు.

"వెనక సీట్ల వాళ్ళకి వినపడలేదు సార్."

"చూశాను! రోడ్డు దాటించడం చూశాను, పరిగెత్తడం చూశాను. చూసే పోనిచ్చాను. ఎంక్వైరీలో చూళ్ళేదని చెప్పాను. అబద్ధం చెప్పాను. చాలా?"

"చాలదు" అంది కండక్టరమ్మ. "కానీ ఎక్కండి."

పక్కకి జరిగింది. ఆయన ఎక్కి, ఏ సీటునీ తట్టకుండా, నేల చూపులతో వెళ్ళి కూర్చున్నాడు. భార్య స్వెట్టరు ఆయన ఒళ్ళో పడేసింది. ఎవరూ పలకరించలేదు.

హోటల్‌కి చేరాక నేను ఆగలేక అడిగాను. "పోనీ ఇప్పుడైనా క్షమించేసినట్టేనా?"

"ఎందుకు క్షమించాలండీ? ఆయన అన్నాడని నాకు ఆ కుర్చీ వచ్చిందా?" అంది తల దువ్వుకుంటూ. "కానీ ఆకలేస్తోంది టీచరుగారూ. మూడు రోజుల తర్వాత ఇవాళే ఆకలేస్తోంది." ఆ పూట ఆవిడ తిన్న తిండి చూసి, వడ్డించే అమ్మాయి రెండోసారి కూడా గిన్నె నింపింది.

తర్వాతి రోజు జలపాతం. అందరికంటే ముందు బస్సులో చెకింగ్ సారు కూర్చుని ఉన్నాడు. మేం లేవకముందే వచ్చి కూర్చున్నాడట. అక్కడికి చేరాక అందరం దిగాం, ఆయన దిగలేదు. మోకాళ్ళు నొప్పి అన్నాడు. నాకు తెలుసు ఆ మోకాళ్ళ నొప్పేంటో. ఒకసారి దిగితే బండి ఉంటుందో ఉండదో! భార్య మాత్రం ఆయన నీళ్ళ సీసా, మాత్రల డబ్బా అన్నీ ఆయన పక్కన పెట్టేసి, ఖాళీ చేతులూపుకుంటూ మాతో వచ్చేసింది.

మలుపు తిరగ్గానే చప్పుడు. దగ్గరికెళ్తే మాట వినపడదు. ఆకాశం పగిలి పాలు కారినట్టు ఆ నీళ్ళు! కింద పడి పొగై లేచి మా మొహాలన్నీ తడిపేస్తోంది. నేను కేకలు వేశాను. అందరూ వేశారు, ఎవరి కేక ఎవరికీ వినపడదు కాబట్టి సిగ్గేం లేదు.

కండక్టరమ్మ రెయిలింగు దగ్గర నిలబడిపోయింది. నా చెవి దగ్గరికి వంగి అరిచింది: "ఇంత నీళ్ళా టీచరుగారూ! నిన్నటిదాకా ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. చర్చి ఎలా ఉంది? పెద్దదేనా?"

"పెద్దదే!" అని అరిచాను.

"సరేలెండి, పోతే పోయింది!" అని మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

టైమైంది. ఒక్కొక్కరం బస్సెక్కాం. కండక్టరమ్మ రాలేదు. గైడు తలుపు దగ్గర అటూ ఇటూ తిరిగాడు. "వెళ్ళి పిలవనా?" అన్నాడు నాతో. "రైటివ్వాల్సింది ఆవిడే కదా, ఎక్కడికి పోతాం?" అన్నాను. డ్రైవరు ఇంజన్ ఆపేసి మీసాలు దువ్వుకుంటున్నాడు. చెకింగ్ సారు వాచీ చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. ఏదో అనబోయాడు.

"ఊరుకోండి" అంది భార్య. ఆయన ఊరుకున్నాడు.

ఆవిడ తీరిగ్గా వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి చుట్టుకున్నాయి, కనుబొమల మీద నీటి చుక్కలు, చేతిలో ఫోను. ఒక్క ఖాళీ లేదని చూసుకుంటూ వెనకదాకా నడిచి వచ్చింది. ముందు వరస దగ్గర ఆగింది.

"దిగాల్సింది సార్" అంది. "ఎంత బావుందో చెప్పలేను."

చెకింగ్ సారు తలెత్తాడు. "ఫోటో తీశావా అమ్మా?" అన్నాడు, చిన్న గొంతుతో.

"తీశాను సార్. చాలా బాగా వచ్చింది" అంది కండక్టరమ్మ. "చూపించను."